పడవే బస: జాలరిపేట నుంచి అండమాన్ దాకా స్కూబా యాత్ర

రోజుల తరబడి పడవ మీదే ఉంటూ, అక్కడే తిని అక్కడే పడుకుంటూ, రోజుకు మూడు నాలుగు సార్లు నీటి అడుగుకు దిగి వచ్చే యాత్రను స్కూబా డైవర్లు ‘లైవ్ ఎబోర్డ్’ అంటారు. మాల్దీవుల్లో దీన్నే సఫారీ అంటారు. తెలుగులో స్థిరపడిన మాట లేదు కనుక ఈ వ్యాసంలో ‘పడవ బస’ అంటున్నాం. ఎర్రసముద్రం, మాల్దీవులు, ఇండొనేషియా దీవులు ఈ యాత్రలకు ప్రసిద్ధి. మన దేశంలో దీనికి అన్నివిధాలా అనువైన చోటు అండమాన్. విశాఖపట్నంలో స్కూబా ఇంకా పగటి ఆటే. రుషికొండ దగ్గర పొద్దున పడవెక్కినవారు భోజనాల వేళకు ఒడ్డున ఉంటారు. అయితే పడవ మీద పది పదిహేను రోజులు బతకడం, కంటికి కనబడని సముద్రపు అడుగును మనసులో పటం గీసుకోవడం విశాఖకు కొత్త విద్యలు కావు. రెండూ జాలరిపేటలో తరాలుగా ఉన్నవే. అందుకే ఈ వ్యాసం అక్కడి నుంచి మొదలవుతుంది.

జాలరిపేట

లాసన్స్ బే పక్కన, చినవాల్తేరు దిగువన ఉన్న పెద జాలరిపేట విశాఖ ఇంత నగరంగా పెరగకముందునుంచీ సముద్రాన్ని నమ్ముకున్న పల్లెల్లో ఒకటి. ఉత్తరాంధ్ర తీరంలో వేట మీద బతికే రెండు ప్రధాన కులాలు జాలరులు, వాడబలిజలు. అమెరికన్ మానవ శాస్త్రవేత్త చార్లెస్ నకల్స్ ఈ పేటలోనే ఏళ్ళ తరబడి పరిశోధించి, ఇక్కడి కుటుంబాల గురించి, దేవతల గురించి, జబ్బుకు కారణం వెతికే వారి పద్ధతి గురించి 1990లలో పుస్తకాలు రాశాడు. అలా పేట పేరు ప్రపంచంలోని విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు చేరింది. కానీ ఇక్కడివారి సముద్ర జ్ఞానానికి దక్కాల్సిన పేరు ఇంకా దక్కలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దుంగలు కట్టిన తెప్ప మీద వెళ్ళే మనిషికి దిక్సూచి ఉండేది కాదు. ఒడ్డున ఉన్న కొండలే అతని గుర్తులు. డాల్ఫిన్ నోస్, కైలాసగిరి, వెనక ఎత్తుగా కనిపించే సింహాచలం కొండలు, ఒక గుడి గోపురమో తాటితోపో, వీటిలో రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వరసకు వచ్చేలా పడవను జరుపుతాడు. అలాంటి గీతలు రెండు కలిసే చోటే అతనికి కావలసిన చోటు. దాని కింద రాయి ఉంటుంది, రాయి దగ్గర చేప ఉంటుంది. బురద, ఇసుక పరిచిన అడుగులో రాయి అంటే అంగడి వీధి లాంటిది. దానికి నాచు, స్పాంజీలు, గవ్వ జీవులు పట్టుకుంటాయి, వాటి కోసం చిన్న చేపలు వస్తాయి, ఆ చిన్నవాటి కోసం వంజరం వంటి పెద్దవి తిరుగుతాయి. గాలం వేసేవాడు ఆ రాయినే వెతుకుతాడు. అదే రాయికి తగిలితే వల చిరిగిపోతుంది కనుక వల వేసేవాడు దానికి దూరంగా ఉంటాడు. ఇద్దరికీ అది ఎక్కడుందో తెలియాలి. స్కూబా డైవరు చూడాలని వచ్చేది కూడా సరిగ్గా ఆ రాయినే. ఈ తీరంలో డైవింగ్ చోట్లు వెతకడమంటే, చాలావరకు, జాలరులు ఏనాడో ఎరిగిన చోట్లకు ముసుగు పెట్టుకొని దిగి చూడడమే.

తెప్పల కాలం దాదాపు అయిపోయింది. పేట ఒడ్డున ఇప్పుడు మోటారు బిగించిన ఫైబర్ పడవలు కనిపిస్తాయి. చేపలరేవులో కట్టేసి ఉండే మరబోట్లు, వాటిలో సోనా బోట్లు అనేవి, పూర్తిగా వేరే జీవితం. సరంగు, కళాసీలు కలిసి ఎనిమిది పది మంది, అడుగు అరలో ఐసు, పీపాల్లో డీజిలు, మంచినీళ్ళు, బియ్యం, గ్యాసు పొయ్యి. పది నుంచి పదిహేను రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, నేల కనబడదు. ఇంజను పక్కనే ఉన్న ఇరుకు గదిలో వంతులవారీ నిద్ర. సాయంత్రం వలలో పడినదే కూర. ఏసీ గది, వేన్నీళ్ళ స్నానం తీసేస్తే, లక్షలు పోసి పడవ బస యాత్రకు వెళ్ళే పర్యాటకుడి దినచర్యకూ దీనికీ చట్రం ఒక్కటే: ఎంత నీరు మిగిలింది, ఎంత ఇంధనం ఉంది, గాలి ఎటు తిరిగింది, ఈ రాత్రి లంగరు ఎక్కడ.

అడుగున ఏముంది

విశాఖ తీరం తూర్పు కనుమలు సముద్రంలోకి దిగే చోటు. ఖోండలైటు అనే ఎర్రని రాయి, చార్నొకైటు అనే ముదురు రాయి కొండల్లో ఉన్నట్టే నీటి కింద కూడా కొనసాగుతాయి. తొట్లకొండ దిగువన మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన సహజ శిలా తోరణం అందరూ చూసేదే. నీటి అడుగున కూడా అలాంటి అరుగులు, సందులు, గుహల నోళ్ళు ఉన్నాయి. పగడపు దిబ్బలు మాత్రం అండమాన్‌లో ఉన్నట్టు ఇక్కడ లేవు. నదులు తెచ్చే బురద, వరదల కాలంలో తగ్గిపోయే ఉప్పదనం దిబ్బ కట్టే పగడాలకు గిట్టవు. రాళ్ళను పట్టుకున్న మెత్తని పగడాలు, స్పాంజీలు, మొరే ఈల్‌లు, తేలు చేపలు, కటిల్ ఫిష్‌లు, అప్పుడప్పుడు తాబేళ్ళు, ఇవీ ఇక్కడి దృశ్యాలు. నీటి తేటదనం రోజుకో తీరుగా ఉంటుంది. ఒకనాడు చేయి చాచినంత దూరమే కనిపిస్తే, మరోనాడు పది మీటర్ల దూరంలోని చేప పొలుసులు కూడా లెక్కపెట్టవచ్చు.

ఈ మార్పుల వెనక ఉన్న శాస్త్రాన్ని కూడా ఈ ఊళ్ళోనే కొలిచి చూశారు. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి విద్యార్థులతో కలిసి విశాఖ తీరపు నీటిని కొలిచాడు. మార్చి నుంచి మే వరకు నైరుతి గాలి తీరం వెంబడి వీస్తుంటే పైనీరు బయటి సముద్రానికి జరిగిపోతుంది, దాని చోటు నింపడానికి అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటితో పోషకాలు, వాటితో సూక్ష్మజీవులు, వాటి వెంట చేపలు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దీనికి తలకిందులుగా పైనీరు దిగిపోతుంది. మండుటెండలో రుషికొండ నీళ్ళలో దిగినవాడికి ఉన్నట్టుండి కాళ్ళకు చల్లటి పొర తగిలితే, అది లాఫాండ్ కొలిచిన నీరే. అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్రలో భాగంగా ‘ఆంటన్ బ్రూన్’ అనే ఓడ మీద ఆయన ఈ తీరానికి ఎదురుగా ఖండపు వాలులో మూడు లోయలను గుర్తించి వాటికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. మహాదేవన్ అంటే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి. మహాదేవన్. ఆ ఓడ అంతకుముందు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ విహార నౌక. సముద్రపు అడుగున మన పేర్లతో మూడు లోయలు ఉన్నాయని పాఠశాల పుస్తకాలు పిల్లలకు చెప్పవలసింది.

మునిగిన ఓడలు

డైవర్లకు రాళ్ళ తరువాత ఇష్టమైనది శిథిలం. విశాఖ లోపలి రేవు 1933లో తెరుచుకుంది. ఆ దశకంలోనే రేవు ముఖద్వారానికి అలల పోటు తగలకుండా రెండు పాత ఓడలను కావాలని ముంచి అడ్డుకట్టగా వాడారు. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం చింతపల్లి ఎదుట సముద్రంలో ఒక పాత ఓడ శిథిలం స్కూబాకు అందే లోతులో ఉంది. అక్కడి దీపస్తంభాన్ని ఆంగ్లేయుల పటాలు శాంతపిల్లి అని రాసేవి. ఎదురుగా నీటిలో దాగిన రాళ్ళ గురించి భీమునిపట్నం వచ్చే ఓడలను హెచ్చరించడానికే ఆ దీపం. అలాంటి చోట ఓడ మునిగి ఉండడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకా లోతుకు వెళితే యుద్ధం. 1944 ఫిబ్రవరి 11న జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110ను రాయల్ ఇండియన్ నేవీ నౌక జమ్నా, ఆస్ట్రేలియా నౌకలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి విశాఖ ఎదుట ముంచాయి. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇక్కడే పేలి మునిగింది. అది అంతకుముందు అమెరికా నౌకాదళంలో డయాబ్లో. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్ల మునిగిందని భారత్, ప్రమాదవశాత్తు పేలుడు జరిగిందని పాకిస్తాన్ చెబుతాయి. నీటిమీద తేలిన నూనె, సామగ్రి మొదట కనబడింది వేటకు వెళ్ళిన మత్స్యకారులకే. వారు చెప్పాక నౌకాదళ డైవర్లు దిగి చూసి గుర్తించారు. 2024లో మన నౌకాదళం తన లోతైన నీటి రక్షణ వాహనంతో ఘాజీని మళ్ళీ గుర్తించింది గాని ముట్టుకోలేదు. అందులో తొంభైమందికి పైగా నావికులు ఉన్నారు, అది వారి సమాధి. విహారానికి వెళ్ళవలసిన చోటు కాదు, స్కూబాకు అందే లోతూ కాదు. ఈ విషయంలో నౌకాదళం చూపిన సంయమనం మెచ్చదగినది.

నీటి కింద ఊపిరి

పడవ బసలో డైవింగ్ నియమాలన్నీ ఒకే కారణం నుంచి వచ్చాయి. అది ఒత్తిడి. ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణపు బరువు పెరుగుతుంది. ముప్పై మీటర్ల దగ్గర మనిషి మీద ఉండేది నేలమీద ఉన్నదానికి నాలుగు రెట్లు. సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటరు, చుట్టూ ఉన్న ఒత్తిడికి సమానంగా గాలినిస్తుంది కాబట్టి ఊపిరితిత్తులు నలగవు, కానీ గాలి మాత్రం నాలుగు రెట్లు వేగంగా ఖర్చవుతుంది. 200 బార్ల దగ్గర నింపిన 12 లీటర్ల సిలిండరు నీటిపైన నెమ్మదిగా ఊపిరి తీసుకునే మనిషికి రెండు గంటలు వస్తే, ముప్పై మీటర్ల లోతున అరగంట వస్తుంది. ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ 1943లో తయారుచేసిన ఆక్వాలంగ్ ఈ రెగ్యులేటర్ల పూర్వీకుడు.

అసలు ప్రమాదం నైట్రోజన్. లోతున అది రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. గోళీసోడాలో గోళీ నొక్కగానే నురగ పొంగినట్టు, డైవరు గబగబా పైకి వస్తే ఆ వాయువు ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పి నుంచి పక్షవాతం, మరణం దాకా ఏదైనా కావచ్చు. అందుకే నిదానంగా ఎక్కాలి, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. తొలి స్థాయి శిక్షణ పొందినవారికి 18 మీటర్లు, తరువాతి స్థాయికి 30, వినోద డైవింగ్‌కు గరిష్ఠంగా 40 మీటర్లు హద్దు. పడవ బసలో రోజుకు నాలుగు డైవ్‌లంటే నైట్రోజన్ పూర్తిగా వదలకముందే మళ్ళీ పోగవుతుంది. అందుకే ప్రతి ఒక్కరి చేతికీ డైవ్ కంప్యూటరు ఉంటుంది. చాలామంది ఆక్సిజన్ పాలు 32 శాతానికి పెంచిన నైట్రాక్స్ వాడతారు. దానికి వేరే శిక్షణ ఉంది, దానికి తగిన లోతు హద్దు కూడా ఉంది. చివరి డైవ్ తరువాత విమానం ఎక్కడానికి 18 గంటలు ఆగాలి. ఓడలో తిరిగి వచ్చేవారికి ఆ గొడవ లేదు, ఎందుకంటే వారు సముద్ర మట్టాన్నే అంటిపెట్టుకొని ప్రయాణిస్తారు.

యాత్ర ఎలా పుట్టింది

డైవర్లు ఓడలో ఉంటూ దీవుల చుట్టూ తిరగడం మొదట విహారం కాదు, పరిశోధన. రెండో ప్రపంచ యుద్ధంలో మందుపాతరలు ఏరిన నౌకను కూస్తో 1950, 51లలో మార్చుకొని కాలిప్సోగా నడిపాడు. అదే కాలంలో ఆస్ట్రియా జీవశాస్త్రవేత్త హన్స్ హాస్ తెరచాప ఓడ జారిఫా మీద తిరిగాడు. 1957, 58లలో జారిఫా మాల్దీవుల నుంచి మన నికోబార్ దీవుల దాకా వచ్చింది. బంగాళాఖాతపు పగడాల మధ్య ఓడే ఇల్లుగా జరిగిన తొలి శాస్త్రీయ డైవింగ్ యాత్రల్లో అది ఒకటి. నికోబార్‌ను చాలావరకు పర్యాటకులకు మూసి ఉంచారు. అందులో ఎక్కువ భాగం ఇప్పటికీ గిరిజన రక్షిత ప్రాంతం.

అండమాన్: తెలుగువారి మరో తీరం

అండమాన్ మనకు పరాయి చోటు కాదు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతానికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళిన వేట కుటుంబాలు జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడ్డాయి. విశాఖ రేవు నుంచి అక్కడికి ప్రయాణికుల ఓడలు దశాబ్దాలుగా నడిచాయి. సుమారు 56 గంటల ఆ ప్రయాణంలో ఉత్తరాంధ్ర కుటుంబాలు అటూ ఇటూ పెళ్ళిళ్ళు, పండగలు, చావులు మోసుకొని తిరిగాయి. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీవిజయపురం అయింది. హేవ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీపం అయింది. డైవింగ్ బడులు ఎక్కువగా ఉన్నది ఈ స్వరాజ్ ద్వీపంలోనే. అక్కడి తొలి తరం పడవ పనివారిలో, డైవ్ గైడ్‌లలో కరెన్ జాతివారు ముఖ్యులు. 1920లలో బర్మా నుంచి వచ్చి స్థిరపడినవారి సంతతి వీరు, అక్కడి సముద్రాన్ని ఎరిగినవారు. ఒక స్థానిక సమాజం ఈ రంగంలో నాయకత్వంలోకి రాగలదనడానికి వారే నిదర్శనం.

పడవ బస అవసరం స్వరాజ్ ద్వీపం దాటాక మొదలవుతుంది. శ్రీవిజయపురానికి ఈశాన్యంగా దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో బారెన్ దీవి ఉంది. మన దేశంలో రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. శతాబ్దం పైగా నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది. అక్కడ మనుషులు ఉండరు, బస చేయడానికి చోటు లేదు, ఒక్క పూటలో వెళ్ళి రాలేరు. నల్లటి బూడిద ఇసుక మీద, చల్లారిన లావా వాలుల మీద పగడాలు పెరిగాయి. నీరు చాలా దూరం కనిపించేంత తేటగా ఉంటుంది. మాంటా తిరుకలు, సొరలు తిరుగుతాయి. ఇంకా ఉత్తరాన నార్కొండం, ప్రపంచంలో మరెక్కడా లేని ఒక జాతి హార్న్‌బిల్ పక్షి ఉన్న చిన్న దీవి. ఇలాంటి చోట్లకు వెళ్ళే పడవలకు ముందుగా అనుమతులు కావాలి. సెంటినెలీ గిరిజనులు నివసించే నార్త్ సెంటినెల్ దీవి చుట్టూ అయిదు నాటికల్ మైళ్ళ నీటిలోకి ఎవరూ వెళ్ళకూడదు. ఇది వ్యాపారులకు నచ్చినా నచ్చకపోయినా న్యాయమైన చట్టం. యాత్రాకాలం దాదాపు డిసెంబరు చివర నుంచి మే వరకు. నైరుతి గాలి మొదలయ్యాక సముద్రం పడవ బసకు ఒప్పదు.

పగడాల స్థితి మాత్రం దిగులు పుట్టిస్తుంది. 2004 డిసెంబరు 26 భూకంపం ఉత్తర అండమాన్‌లో కొంత అడుగును పైకెత్తి దిబ్బలను ఎండలో పడేసింది, దక్షిణాన కొంత భూమిని ముంచింది. 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. పగడపు జీవి తనలో ఉండే నాచును వేడికి బయటికి వదిలేస్తుంది, రంగు పోతుంది, వేడి తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. పడవ బస నడిపేవారు లంగరును దిబ్బ మీద వేయకుండా తేలే బోయలకు కట్టుకోవడం, చేతులతో ఏదీ తాకకపోవడం ఇక మర్యాద మాత్రమే కాదు, మిగిలిన దాన్ని కాపాడే పని.

నిప్పు

సముద్రం మీద నీటికన్నా ముందు నిప్పుకు భయపడాలి. 2019 సెప్టెంబరు 2 తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ కాలిపోయి, దిగువ అంతస్తులో నిద్రిస్తున్న 34 మంది చనిపోయారు. రాత్రి గస్తీ తిరిగే మనిషి లేకపోవడం పెద్ద లోపమని దర్యాప్తు తేల్చింది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో మంటలు లేచి, పక్కపక్కనే కట్టి ఉన్న దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. డీజిలు, గ్యాసు సిలిండర్లు మంటను ఒకదాని నుంచి ఒకదానికి అందించాయి. ఒక్కో బోటు మీద ఎన్నో ఇళ్ళ పొయ్యిలు ఆధారపడి ఉంటాయి. పడవ బసకు టిక్కెట్టు కొనేవారు చేపల పట్టిక కన్నా ముందు అడగవలసినవి మూడే: రాత్రి ఎవరు మేలుకొని ఉంటారు, పడుకునే గదికి రెండో దారి ఉందా, బ్యాటరీలు ఎక్కడ ఛార్జి చేస్తారు.

లోతైన బస

విశాఖ తయారుచేసిన ఒక ఓడ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జులై 18న ఇక్కడే నౌకాదళంలో చేరింది. పొడవు సుమారు 120 మీటర్లు, బరువు పదివేల టన్నుల పైన. అదే పేరుతో 1971 నుంచి 1989 దాకా పనిచేసిన పాత రక్షణ నౌకకు ఇది వారసురాలు. ఇందులో డైవర్లు ఒత్తిడి నింపిన గదిలోనే రోజుల తరబడి ఉంటారు. హీలియం కలిసిన గాలి పీలుస్తూ, అక్కడే తింటూ, అక్కడే నిద్రపోతూ, గంట ఆకారపు గదిలో 300 మీటర్ల లోతు దాకా దిగి పనిచేసి మళ్ళీ అదే ఒత్తిడి గదికి వస్తారు. పని ముగిశాక మామూలు గాలికి రావడానికి ముప్పై మీటర్లకు దాదాపు ఒక రోజు చొప్పున పడుతుంది. అంటే మూడు వందల మీటర్ల నుంచి పది పదకొండు రోజులు. పడవ బస అనే మాటకు ఇంతకన్నా కఠినమైన అర్థం లేదు.

పేట యువకులకు

పరిశుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపు రుషికొండకు 2020లో వచ్చింది. తీరంలో స్కూబా శిక్షణ సంస్థలు పనిచేస్తున్నాయి. 2021 డిసెంబరులో తంతడి తీరంలో వలకు చిక్కిన భారీ వేల్ షార్క్‌ను మత్స్యకారులు, అటవీశాఖ కలిసి ప్రాణాలతో సముద్రంలోకి పంపారు. ఇదంతా మంచి మొదలు. కానీ పర్యాటకుల పడవ మీద జాలరి యువకుడు తాడు లాగే కూలిగా మిగిలిపోతే అది పేటకు అన్యాయం, పర్యాటకానికి నష్టం. చేప పెట్టే గుడ్ల కోసం తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆగిపోతుంది. ఆ రోజుల్లో కళాసీలు వలలు అల్లుకుంటూ, బోట్లకు రంగులు వేసుకుంటూ ఒడ్డున ఉంటారు. తొలి స్థాయి స్కూబా శిక్షణకు నాలుగు రోజులు చాలు, గైడ్ స్థాయికి చేరడానికి కొన్ని నెలల సాధన చాలు. మత్స్యశాఖ, పర్యాటకశాఖ కలిసి ఆ 61 రోజుల్లో పెద జాలరిపేట, భీమిలి, పూడిమడక పిల్లలకు ఈ విద్య ఉచితంగా నేర్పాలి. రాయి ఎక్కడుందో వారికి ఇప్పటికే తెలుసు.